కారు జాలీకి కదలు తలుపు: ఇంధనపు పొదుపునకు ఒక చిన్న సాధనము

ఒకప్పుడు గ్రామమునకు మోటారు కారు వచ్చినచో పిల్లలు దుమ్ములో దాని వెంట పరుగెత్తెడివారు. నేడు కారు పల్లెకు వింత వస్తువు కాదు. అద్దె కారు నడుపుకొని జీవించు యువకులు, కూరగాయలను మార్కెట్టు యార్డుకు చేర్చు చిన్న వ్యానుల యజమానులు, ఆసుపత్రి పనికో పెండ్లి పనికో కారు కొనుక్కొన్న కుటుంబములు ప్రతి మండలమునను కలవు. వీరందరికిని నెల నెల ఎదురగు ప్రశ్న యొక్కటే: పెట్రోలు ఖర్చును తగ్గించుకొనుట యెట్లు? మన దేశము తనకు కావలసిన ముడి చమురులో నూటికి 80 పాళ్లకు పైగా విదేశముల నుండి తెప్పించుకొనుచున్నది. కావున ఒక లీటరు మిగిలినను అది ఇంటికిని దేశమునకును మేలే.

పొదుపు మార్గములలో ఒకటి, కారు ముందరి జాలీ గుండా లోనికి పోవు గాలిని అవసరమును బట్టి తగ్గించుట. ఇందులకై జాలీకి తెరచుటకును మూయుటకును వీలైన రెక్కల తలుపును అమర్చుదురు. దీనివలన ప్రయోజనము కలదు. కాని అది స్వల్పమైనది. అజాగ్రత్త వలన కలుగు నష్టము మాత్రము పెద్దది. లాభనష్టములను రెండింటిని తూచి, ఈ పని ఎవరికి తగునో, ఎట్లు చేసిన క్షేమమో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జాలీ ఎందులకు?

ఇంజనులో పెట్రోలు మండగా పుట్టు వేడి యంతయు చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడదు. సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు మాత్రమే పనిగా మారును. మిగిలిన వేడిలో ఒక పెద్ద భాగము పొగగొట్టము ద్వారా వెలుపలికి పోవును. మరియొక పెద్ద భాగమును ఇంజను చుట్టును తిరుగు నీరు గ్రహించి రేడియేటరునకు చేర్చును. ముందరి జాలీ గుండా వచ్చు గాలి ఆ రేడియేటరు సందులలో దూరి నీటిని చల్లార్చును. ఈ గాలి అందనిచో ఇంజను కొలది నిమిషములలోనే కాగిపోవును.

అయితే తయారుచేయువారు జాలీ యొక్క పరిమాణమును సాధారణ దినమును దృష్టిలో నుంచుకొని నిర్ణయింపరు. మండు వేసవిలో, నిండు బరువుతో, లోపల ఎ.సి. నడచుచుండగా, ఘాటు రోడ్డు ఎక్కునప్పుడు ఎంత గాలి కావలెనో లెక్కించి అంత పెద్దదిగా ఉంచుదురు. అది న్యాయమే. కాని మార్గశిర మాసపు ఉదయమున, ఇద్దరే మనుష్యులతో, చదునైన జాతీయ రహదారిపై పోవు కారునకు అంత గాలి అక్కరలేదు. ఇంజను మిక్కిలి చల్లబడకుండ థర్మోస్టాటు అను చిన్న కవాటము నీటి ప్రవాహమును అదుపులో ఉంచును గాని, అనవసరముగా లోనికి జొరబడు గాలిని అది ఆపలేదు. ఆ గాలి రేడియేటరునకు కొట్టుకొని, ఇంజను గదిలో సుడులు తిరిగి, బండి క్రింది నుండి చిందరవందరగా బయటపడును. ఆ సంక్షోభమునకు అగు ఖర్చును పెట్రోలు రూపమున మనమే చెల్లించుచున్నాము.

దీనిని చెరువు తూముతో పోల్చి చూడవచ్చును. ఎండలు ముదిరి పొలము నోరు తెరచిన దినమునకు కూడ చాలునట్లు తూమును కట్టుదురు. అయినను వాన కురిసిన దినమున తూమును బార్లా తెరచి యుంచు నీరటికాడు ఉండడు. షట్టరును కొంత దించి, మడికి కావలసినంతయే వదలును. కారు జాలీ షట్టరు లేని తూము వంటిది. దానికి షట్టరును అమర్చుటయే మనము చేయు పని. అయితే షట్టరు పెట్టినవాడు కాపలా యుండవలె నన్న సంగతిని మరువరాదు.

పొదుపు ఎంత?

ఇట్టి విషయములలో గొప్పలు చెప్పువారు చాలమంది కలరు. కావున లెక్క వేసి చూచుట మంచిది. సుమారు 1,100 కిలోల బరువు గల మధ్యరకపు కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవునపుడు గాలి దానిని వెనుకకు నెట్టు బలము ఇంచుమించు 22 కిలోల బరువునకు సమానము. టైర్లు నేలపై దొర్లుటలోని నిరోధము మరియొక 12 కిలోలు. మొత్తము 34 కిలోలు. గాలి నిరోధములో నూటికి 5 మొదలు 10 వంతుల వరకు జాలీ గుండా లోనికి పోవు గాలి వలననే కలుగును. జాలీలో కొంత భాగమును మూయుట వలన నూటికి 5 వంతులు తగ్గిన దనుకొన్నచో, మిగులునది ఒక కిలో పైచిలుకు. అనగా మొత్తము నిరోధములో నూటికి 3 వంతులు. ఇంజను తన లోపలి రాపిడికి కూడ ఇంధనమును వాడుకొనును గనుక పెట్రోలులో మిగులునది నూటికి 2 వంతులని ఎంచుట క్షేమము.

లీటరునకు 18 కిలోమీటర్లు పోవు కారు ఇప్పుడు 18.36 కిలోమీటర్లు పోవును. నెలకు 2,000 కిలోమీటర్లు రహదారిపై తిరుగు అద్దె కారునకు నెలకు సుమారు 2 లీటర్లు మిగులును. ఇది కొట్టివేయదగినది కాదు, అట్లని మురిసిపోదగినదియు కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున గాలి నిరోధము అయిదారు కిలోలకు పడిపోవును. కావున ఊరిలోను, పొలము బాటలలోను, పట్టణపు రద్దీలోను తిరుగు బండికి ఈ తలుపు వలన చెప్పుకోదగిన లాభము లేదు. దూర ప్రయాణములు తరచుగా చేయువారే దీనిని గురించి ఆలోచింపవలెను.

ఇది క్రొత్త ఊహ కాదు

1920, 1930 దశకములలో రోల్స్ రాయిస్, ప్యాకార్డు వంటి కంపెనీల కార్ల రేడియేటరుల ముందు నిలువు రెక్కల షట్టరులు ఉండెడివి. ఇంజను చల్లగా నున్నపుడు మూసికొని, వేడెక్కినపుడు తెరచుకొనునట్లు వానిని అమర్చిరి. వ్యవసాయమునకు సంబంధించిన ఉదాహరణము కూడ కలదు. ఇంగ్లండులో తయారైన ఫోర్డ్‌సన్, ఫెర్గూసన్ ట్రాక్టర్లలో కొన్ని రకములు పెట్రోలుతో బయలుదేరి, వేడెక్కిన పిమ్మట కిరోసిను జాతి నూనెతో నడచెడివి. ఇంజను తగినంత వేడిగా లేనిచో ఆ నూనె పూర్తిగా ఆవిరి కాక, సిలిండరు గోడల వెంట జారి క్రింది ఆయిలులో కలసి దానిని పలుచన చేసెడిది. అందువలన వాని రేడియేటరు ముందు తెరనో రెక్కలనో అమర్చి, నడుపువాడు వేడిని చూచుకొనుచు సవరించుకొనెడివాడు.

ఇటీవలి కాలమున గాలి నిరోధమును తగ్గించుటకే కంపెనీలు ఈ ఉపాయమును మరల చేపట్టినవి. అమెరికాలో 2011 నమూనా షెవ్రొలే క్రూజ్ ఎకో కారునకును, 2012 నమూనా ఫోర్డ్ ఫోకస్ కారునకును చిన్న విద్యుత్ మోటారుతో తెరచుకొని మూసికొను రెక్కలు అమర్చబడినవి. వేగము, నీటి వేడి, ఎ.సి. అవసరము మున్నగు వానిని గమనించి కంప్యూటరే వానిని నడుపును. ఇంటిలో చేసికొను తలుపునకు అట్టి కంప్యూటరు లేదు. నడుపువాని కన్నును చేయియే దానికి ఆధారము.

ముందుగా చూడవలసిన విషయములు

తలుపు తయారు చేయుటకు ముందు బానెట్టును ఎత్తి, టార్చిలైటు సాయమున జాలీ వెనుక ఏమేమి ఉన్నవో పరిశీలింపవలెను. ఎ.సి. గల కారులో రేడియేటరునకు ముందు మరియొక పలుచని పలక యుండును. ఇది కండెన్సరు. దీనికి గాలి తగ్గినచో ఎ.సి. సరిగా చల్లబరుపదు, పైగా కంప్రెసరు ఎక్కువ కష్టపడి మిగిలిన పెట్రోలును తానే త్రాగును. టర్బో గల డీజిలు బండ్లలో ఇంటర్‌కూలరు అను మరియొక పరికరము కూడ తరచుగా ముందు భాగముననే యుండును. ఇంజను పీల్చుకొను గాలిని అది చల్లార్చును. దాని ముందు అడ్డు పెట్టుట తగదు. ఆటోమేటిక్ గేరు గల కొన్ని కార్లలో గేరు ఆయిలును చల్లార్చు పలకయు అచ్చటనే యుండును. ఇంజనుకు గాలి నందించు గొట్టపు మూతిని కూడ ఏ మాత్రమును మూయరాదు.

ఎదుటి వాహనములను కనిపెట్టు రాడారును, ప్రమాద సమయమున గాలి సంచులను విప్పు సెన్సర్లును కొన్ని క్రొత్త కార్లలో ముందు భాగమున ఉండును. అట్టివాని సమీపమున చేయి పెట్టకుండుటయే మేలు. వారంటీ గడువు ఉన్న కారు యజమానులు ముందుగా సర్వీసు కేంద్రమున విచారింపవలెను. రేడియేటరు సందులలో మట్టి పేరుకొన్న బండికిని, నీరు తరచుగా తగ్గిపోవు బండికిని, ఫ్యాను సరిగా తిరుగని బండికిని ఈ తలుపు పనికిరాదు. మొదట ఆ లోపములను బాగు చేయించుకొనవలెను.

తయారు చేయు విధానము

మొదటనే రెక్కలతో ఆరంభింపరాదు. బోర్డులు వ్రాయువారి దుకాణములలో దొరకు తేలికపాటి ప్లాస్టిక్ రేకును జాలీ ఆకారమునకు కత్తిరించి, దిగువ జాలీలో మూడవ వంతు మాత్రమే మూయునట్లు ప్లాస్టిక్ బిగింపు పట్టీలతో కట్టి, చల్లని దినములలో రెండు వారములు నడిపి చూడవలెను. నీటి వేడిలో మార్పు లేనిచో ఆ బండి కొంత గాలి తగ్గుదలను ఓర్చుకొనగలదని అర్థము. మార్పు కనిపించినచో రేకును తీసివేసి, ఆ ప్రయత్నమును అంతటితో విడిచిపెట్టవలెను.

పరీక్షలో నెగ్గిన బండికి రెక్కల తలుపును ఇట్లు చేయవచ్చును. జాలీ ఖాళీ 60 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు గలదనుకొందము. ఒక మిల్లీమీటరు మందము గల అల్యూమినియము రేకు నుండి 4 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్కలు రెండు కత్తిరించి, అంచులను ఆకురాయితో నునుపు చేయవలెను. ప్రతి రెక్క యొక్క పై అంచును సన్నని ఇనుప కడ్డీ చుట్టును మడచి, ఆ కడ్డీ కొనలను అల్యూమినియము చట్రములోని రంధ్రములలో కూర్చవలెను. రెండు రెక్కలను ఒక సన్నని బద్దతో కలిపినచో రెండును ఒకేసారి కదలును. రెండు రెక్కలును కలసి 8 సెంటీమీటర్లనే మూయును. మిగిలిన 4 సెంటీమీటర్లు, అనగా మూడవ వంతు, ఎల్లప్పుడు తెరచియే యుండును. ఈ మూడవ వంతును మూయవలెనను ఆశ ఎన్నడును కలుగరాదు.

చట్రమును జాలీ వెనుక పట్టీలతో గట్టిగా కట్టవలెను. రెక్కలు పూర్తిగా తెరచుకొన్నపుడు వాని కొనలకును వెనుకనున్న పలకకును నడుమ కనీసము 3 సెంటీమీటర్ల ఎడము ఉండవలెను. రేడియేటరునకు గాని కండెన్సరునకు గాని రంధ్రము చేయుట, మేకు దిగవేయుట నిషిద్ధము. గతుకుల బాటలో రెక్క అదరి పలకకు తగిలినచో దాని సన్నని గొట్టములు చిల్లు పడును.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన నియమము. మూయుటకు మాత్రమే తీగ లాగవలెను. తెరచుకొనుట దానంతట అదే జరుగవలెను. ఇందులకై రెక్కల బద్దకు ఒక స్ప్రింగును తగిలించి, అది రెక్కలను ఎల్లప్పుడు వెనుకకు, తెరచు వైపునకే లాగునట్లు చేయవలెను. కడ్డీ పై అంచున నున్నది గనుక ఎదురుగాలి కూడ రెక్కలను వెనుకకు నెట్టి తెరచుటకే సాయపడును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఆ రెండు రెక్కలపై పడు గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర కిలోల బరువంత యుండును. దానిని నిలుపుటకు సైకిలు బ్రేకు తీగ గాని, పాత స్కూటరు చోకు తీగ గాని చాలును. తీగ తెగినను, ముడి ఊడినను, నడుపువాడు మరచినను తలుపు తెరచుకొనియే యుండవలెను. దీనికి విరుద్ధముగా, తీగ లాగిన తెరచుకొనునట్లు అమర్చినచో, తీగ తెగిన దినమున తలుపు మూసికొనిపోయి, ఇంజనుకు ప్రాణాపాయము వాటిల్లును.

తీగను లోనికి తెచ్చుటకు క్రొత్త రంధ్రము చేయక, వైర్లు వచ్చు రబ్బరు తొడుగు గుండా అనుభవము గల మెకానిక్కు చేత తెప్పింపవలెను. అది ఫ్యానునకు, బెల్టునకు, పొగగొట్టమునకు, స్టీరింగు కడ్డీకి, కాలి పెడళ్లకు దూరముగా పోవలెను. లోపల పిడికి రెండు గాట్లు చాలును: ఒకటి సగము మూత, రెండవది పూర్తి మూత. గాటు నుండి తప్పించిన వెంటనే రెక్కలు తెరచుకొనవలెను.

వాడుకలో జాగ్రత్తలు

వేడిని చూడకుండ ఈ తలుపును వాడుట కండ్లకు గంతలు కట్టుకొని నడచుట వంటిది. కొన్ని కార్లలో నీటి వేడిని చూపు ముల్లు ఉండును. అనేక క్రొత్త కార్లలో ముల్లు లేక నీలి దీపము, ఎఱ్ఱ దీపము మాత్రమే యుండును. ఎఱ్ఱ దీపము వెలుగునప్పటికే ఆలస్యమై యుండును. అట్టి కార్లలో స్టీరింగు క్రింద నుండు ఓ.బి.డి. సాకెట్టునకు చిన్న పరికరమును తగిలించినచో నీటి వేడి అంకెలలో సెల్‌ఫోనుపై కనిపించును. సాధారణముగా థర్మోస్టాటు 82 మొదలు 90 డిగ్రీల ప్రాంతమున తెరచుకొనును. చదునైన రోడ్డుపై మామూలుగా చూపు అంకెను ముందే వ్రాసి పెట్టుకొని, దానికి 5 డిగ్రీలు మించిన వెంటనే తలుపును తెరువవలెను.

చల్లని వేళ, చదునైన రహదారిపై, గంటకు 60 కిలోమీటర్లకు మించిన నిలకడ వేగమున మాత్రమే తలుపు మూయవలెను. ఊరిలో ప్రవేశించునపుడు, ఘాటు ఎక్కునపుడు, నిండు బరువు ఉన్నపుడు, ఎ.సి. నడచునపుడు, బండి నిలిపి ఇంజనును నడుపునపుడు తెరచి యుంచవలెను. నిలిచిన బండికి ఎదురుగాలి ఉండదు. ఫ్యాను పీల్చు గాలియే దిక్కు. శీతకాలమున ఆదిలాబాదు ప్రాంతమునను, లంబసింగి వంటి మన్యపు గ్రామములలోను ఉదయపు వేళ దీని అవసరము ఎక్కువగా కనిపించును. అయినను మన్యపు దారులలో ఎక్కుడు తగిలినచో చలి యని ఉపేక్షింపరాదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుట అందరెరిగినదే. కావున మార్చి నెల మొదలు వానలు పడు వరకు చట్రమును పూర్తిగా విప్పి ఇంట భద్రపరచుట ఉత్తమము.

ఎంత జాగ్రత్తపడినను వేడి పెరిగినచో తలుపు తెరచి, ఎ.సి. కట్టివేసి, లోపలి హీటరును పూర్తిగా త్రిప్పి, బండిని సురక్షితమైన చోట ప్రక్కకు నిలుపవలెను. ముల్లు ఎఱ్ఱ గీతను చేరినను, ఎఱ్ఱ దీపము వెలిగినను ఇంజనును ఆపివేయవలెను. ఆ వేడిలో రేడియేటరు మూతను తీసినచో సలసల కాగు నీరు ముఖముపై చిమ్మును. పూర్తిగా చల్లారు వరకు దానిని ముట్టరాదు. కాగిన ఇంజనులో సిలిండరు హెడ్డు వంకరపోవుటయు, గాస్కెట్టు కాలిపోవుటయు జరుగును. ఏండ్ల తరబడి కూడబెట్టిన పొదుపు అంతయు ఒక్క మధ్యాహ్నమున మెకానిక్కు షెడ్డులో ఖర్చు కాగలదు.

లాభమును పరీక్షించుట

తలుపు పెట్టిన తరువాత మైలేజి పెరిగినట్లు తోచుట సహజము. నడుపువాడే మెల్లగా నడుపుట అందులకు కారణము కావచ్చును. కావున ఒకే రోడ్డుపై, ఒకే వేగమున, రాకపోకలు రెండును కలిపి, ఒకే బంకులో టాంకు నిండ పోయించుకొనుచు, తలుపుతో మూడు పర్యాయములు, తలుపు లేకుండ మూడు పర్యాయములు కొలిచి చూడవలెను. లెక్కలను పుస్తకమున వ్రాసికొనవలెను. రెండు వంతుల తేడా ఒక్క కొలతలో తేలదు.

ఇంతకంటె సులభమైన పొదుపులు

తలుపు తయారు చేయుటకు ముందు ఖర్చు లేని పనులను చేసికొనుట వివేకము. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పైన చెప్పిన కారుపై గాలి నిరోధము 22 కిలోల నుండి 34 కిలోలకు పెరుగును. మొత్తము నిరోధము 46 కిలోలగును. అనగా 80 కిలోమీటర్ల వేగముతో పోల్చినచో మూడవ వంతునకు మించి అధికము. తలుపు వలన తగ్గినది ఒక కిలో. వేగమును అదుపు చేసినందువలన తగ్గునది 12 కిలోలు. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్జర్వేషన్ రీసర్చి అసోసియేషను గంటకు 45 మొదలు 55 కిలోమీటర్ల వేగము పొదుపైనదని సలహా ఇచ్చుచున్నది. టైర్లలో తగినంత గాలి యుంచుట, అవసరము లేనపుడు పైకప్పు మీది క్యారియరును విప్పివేయుట, గాలి ఫిల్టరును శుభ్రముగా నుంచుట, గేటు వద్ద బండి నిలిచినపుడు ఇంజను ఆపుట మున్నగునవి మొదట చేయవలసినవి.

వీనినన్నిటిని ఆచరించి, ఇంకను పొదుపు కోరు ఓపిక గల చోదకునకు ఈ రెక్కల తలుపు తగిన సాధనము. అది చౌకగా తయారగును. మన ఊరి రేకుల పనివాడే దానిని చేయగలడు. కాని తూము షట్టరును దించిన నీరటికాడు మడి వైపు చూడక నిద్రపోయినచో పైరు ఎండిపోవును. అట్లే తలుపు మూసిన చోదకుడు ముల్లుపై చూపు నిలుపవలెను. ఆ శ్రద్ధ కలిగినవారికే ఇందలి రెండు లీటర్ల లాభము దక్కును. శ్రద్ధ చాలదని తోచినవారు జాలీని తయారీదారు ఉంచినట్లే ఉంచి, వేగమును తగ్గించుకొన్నచో అంతకంటె ఎక్కువ పొదుపును నిశ్చింతగా పొందగలరు.